చక్కెర ఫ్యాక్టరీ కెమిస్టుగా రిటైరైన మా నాన్నగారి గురించి స్మరణికలో ఏం రాయాలి? ఆయన డైరీల్లోని అంకెలకు అర్థం చెప్పగలరా?

ప్రశ్న: చెరకుపువ్వు

పెద్దలందరికీ నమస్కారం.

మా నాన్నగారు నిరుడు 83వ ఏట కాలం చేశారు. వచ్చే నెలలో సంవత్సరీకం. ఆ రోజు వచ్చే బంధువులకూ, ఆయనతో కలిసి పనిచేసినవారిలో మిగిలిన కొద్దిమందికీ ఇవ్వడానికి పదహారు పేజీల చిన్న స్మరణిక వేయించాలని నేనూ తమ్ముడూ అనుకున్నాము. ఫొటోలు దొరికాయి. ఎటొచ్చీ రాయవలసిన నాలుగు పేజీల దగ్గరే బండి ఆగిపోయింది.

మా చిన్నాన్నగారు ఒక చిత్తుప్రతి రాసి పంపారు. అందులో నాన్నగారు నిరాడంబరులు, నిగర్వి, అజాతశత్రువు, ఆదర్శ కుటుంబీకులు అని ఉంది. ఈ మాటలు మా వీధిలో గత పదేళ్లలో పోయిన పెద్దలందరి మీదా అచ్చయ్యాయి. అజాతశత్రువన్నది అసలు నిజం కాదు. ఆయన మా ఒక మావయ్యగారితో తొమ్మిదేళ్లు మాట్లాడలేదు. ఇక కుటుంబీకుడన్న మాట దగ్గర నాకు పెద్ద చిక్కు వచ్చింది. గోదావరి డెల్టాలోని ఒక చక్కెర ఫ్యాక్టరీలో ఆయన ల్యాబ్ కెమిస్టుగా చేరి చీఫ్ కెమిస్టుగా రిటైరయ్యారు. క్రషింగ్, అంటే చెరకు ఆడే సీజను, మొదలైతే అయిదు నెలలు ఆయన మాకు దాదాపు కనిపించేవారు కాదు. సి షిఫ్టు నుంచి తెల్లవారుజామున వచ్చి, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పడుకునేవారు. మేము గుసగుసలాడుకుంటూ అన్నం తినేవాళ్లం. అదే క్రషింగ్ ఆగిన తరువాత సాయంత్రాలు మాకు లెక్కలు చెప్పేవారు, నా జడకు రిబ్బను కట్టేవారు, మల్లెపందిరి వేసేవారు. ఆదర్శ కుటుంబీకుడు అని రాయడానికి చేయి రావడం లేదు, కాదనడానికి మనసు ఒప్పడం లేదు.

ఆయన ఉద్యోగమేమిటో కూడా నాకు సరిగా తెలియదు. చిన్నప్పుడు బడిలో 'మా నాన్న కెమిస్టు' అని చెబితే, మందుల షాపు ఎక్కడని స్నేహితురాళ్లు అడిగేవారు. బజారులో 'కెమిస్ట్ అండ్ డ్రగ్గిస్ట్' అన్న బోర్డు చూసి కొన్నాళ్లు నేనూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు ఆయన బీరువాలో 31 జేబు డైరీలు దొరికాయి. ప్రతి డైరీ మొదటి పేజీలోనూ '26.000' అనీ, దాని కింద '27.5' అనీ రాసి ఉన్నాయి. లోపల ఒక పేజీ ఉదాహరణకు ఇలా ఉంటుంది: 'ప్రైమరీ రసం. బ్రిక్స్ 18.40, పోల్ 15.30, ప్యూరిటీ 83.15.' దాని పక్కనే 'అమ్మాయికి జ్వరం 101, రాత్రి 2 గంటలకు తడిగుడ్డ' అని, అదే చేతివ్రాతతో, అదే నీలిసిరాతో ఉంటుంది.

ఒక పేజీ మాత్రం నన్ను వదలడం లేదు. 1979 జనవరి, సంక్రాంతి వారం. 'సి షిఫ్టు. మిక్స్‌డ్ జ్యూస్ బ్రిక్స్ 16.20, పోల్ 13.30, ప్యూరిటీ 82.10' అని ఉంది. కింద ఎర్రసిరాతో 'మార్చలేదు' అని రాసి రెండుసార్లు గీత గీశారు. 31 డైరీల్లోనూ ఎర్రసిరా ఇదొక్కచోటే ఉంది. ఆ తరువాతి రెండు కాగితాలూ దేనితోనో అతుక్కుపోయాయి. లాగితే చిరుగుతాయని వదిలేశాను. ఏమి మార్చలేదు? ఎవరు మార్చమన్నారు? తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: పాతషిఫ్టు

అమ్మా, నేను కృష్ణా జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో 34 సంవత్సరాలు పనిచేసి రిటైరయ్యాను. మీ నాన్నగారిని నేను ఎరుగను, కాని మీరు ఎత్తి రాసిన ఆ మూడు అంకెలు చూడగానే ఆయన పక్కనే నిలబడి పని చేసినట్టు అనిపించింది. కాస్త వివరంగానే రాస్తాను, విసుక్కోకండి.

చక్కెర పుట్టేది పొలంలో, చెరకుగడలో. ఫ్యాక్టరీలో మేము చేసేదల్లా దాన్ని పోగొట్టుకోకుండా బస్తా దాకా చేర్చడం. మిల్లు రోలర్ల మధ్య పిండిన రసం బురదనీళ్లలా నల్లగా, కొంచెం ఆమ్లగుణంతో వస్తుంది. దాన్ని 70 డిగ్రీల దాకా వేడిచేసి, సున్నపుతేట, గంధకపు పొగ కలిపి, పీహెచ్ 7 దగ్గర, అంటే అటు ఆమ్లమూ ఇటు క్షారమూ కాని చోట నిలబెట్టి, మళ్లీ మరిగే వేడికి తెచ్చి మడ్డి తేరనిస్తారు. ఆ 7 కిందికి జారిందంటే చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. అవి గింజ కట్టవు, చక్కెర తీయగా మిగిలే నల్లని మొలాసిస్‌లో కలిసిపోతాయి. మరీ పైకి పోతే రసం రంగు చెడుతుంది. షిఫ్టు కెమిస్టు అంటే ఎనిమిది గంటలపాటు ఆ గట్టు మీద నడిచే మనిషి. మా కాలంలో ఎ షిఫ్టు తెల్లవారి 4 నుంచి 12 వరకు, బి 12 నుంచి రాత్రి 8 వరకు, సి 8 నుంచి 4 వరకు. మీ ఇంటి కిటికీలకు దుప్పట్లు ఎందుకు కట్టారో ఈ మూడు అంకెల్లో ఉంది.

ఇక బ్రిక్స్. గంట గంటకూ సీసాలో పట్టిన రసాన్ని పొడవాటి గాజుజాడీలో పోసి, నురుగు తేలి విడిపోయేదాకా ఆగి, బ్రిక్స్ స్పిండిల్ అనే తేలుడు గాజుకడ్డీని మెల్లగా దించుతారు. అది ఎంత దాకా మునిగిందో దాన్ని బట్టి రసంలో కరిగి ఉన్న పదార్థం నూటికెంతో తెలుస్తుంది. మన దేశంలో ఆ కడ్డీకి గీతలు పెట్టినది 27.5 డిగ్రీల వేడి దగ్గర. రసం వేడి అంతకంటే ఎక్కువో తక్కువో ఉంటే పట్టిక చూసి సవరించాలి. డైరీ మొదటి పేజీలోని 27.5 అదే.

పోల్ అంటే అందులో చక్కెర ఎంత అన్నది. రసం తేటపడడానికి అందులో చిటికెడు లెడ్ సబ్ ఎసిటేట్ వేసి, కుదిపి, వడపోత కాగితంలోంచి వడకట్టి, మొదట కారిన కొద్ది చుక్కలూ పారబోసి, ఆ తరువాత వచ్చే తేట ద్రవాన్ని 200 మిల్లీమీటర్ల గొట్టంలో బుడగ లేకుండా నింపుతారు. చక్కెర వెలుతురును ఎంత తిప్పుతుందో కొలిచే పరికరం పోలారిమీటరు. చీకటిగదిలో దానికి కన్ను ఆనించి చూస్తే, గుండ్రని వెలుగు రెండు సగాలుగా, ఒకటి మసకగా ఒకటి ప్రకాశంగా కనిపిస్తుంది. మీట తిప్పుతూ పోతే ఒకచోట రెండు సగాలూ ఒకే వెలుతురులో కలిసిపోతాయి. ఆ చోట అంకె చదవాలి. తెల్లవారి మూడు గంటలకు నిద్రకళ్లతో రెండు సగాలూ ఎప్పుడూ కలిసిపోయినట్టే కనిపిస్తాయి. అందుకే మంచి కెమిస్టు మూడుసార్లు చదువుతాడు. శుద్ధమైన చక్కెర 26 గ్రాములు తూచి, 100 మిల్లీలీటర్లకు నీళ్లలో కరిగించి, అదే గొట్టంలో పోసి చూస్తే అంకె సరిగ్గా 100 రావాలి. మీ 26.000 అదే. మా పరికరం మంచిదా కాదా అన్న అనుమానం ఆ 26 గ్రాముల దగ్గరే తీరేది. ప్రతి కొత్త డైరీలోనూ దాన్ని మొదట రాసుకున్నారంటే, మేము దేవుడి పేరు రాసి ఖాతా తెరిచినట్టు అనుకోండి.

పోల్‌ను బ్రిక్స్‌తో భాగించి నూటితో హెచ్చిస్తే ప్యూరిటీ, అంటే కరిగిన పదార్థంలో చక్కెర నూటికెంత అన్నది. ప్రైమరీ అంటే నీళ్లు కలపకముందు పిండిన రసం, మిక్స్‌డ్ అంటే ఆ తరువాత నీళ్లు చల్లి పిండినది కూడా కలిసిన రసం. మీ నాన్నగారి రెండు లెక్కలూ చేసి చూశాను. రెండో దశాంశం దాకా సరిగ్గా ఉన్నాయి. ఇది కాలిక్యులేటరు లేని రోజుల మాట అని గుర్తుంచుకోండి.

స్మరణికలో వేయదగినది ఇంకొకటి ఉంది. బాయిలరుకు తిరిగి వెళ్లే నీటిలో చక్కెర చుక్క కూడా కలవకూడదు. కలిస్తే నీరు నురగెత్తి, లోపలి గొట్టాలకు మసి పట్టి, బాయిలరే దెబ్బతింటుంది. అందుకని రాత్రంతా ఆ నీటిని పరీక్షనాళికలో పట్టి, ఆల్ఫా నాఫ్తాల్ కొన్ని చుక్కలు వేసి, నాళికను వాల్చి, గాఢ సల్ఫ్యూరికామ్లాన్ని గోడ వెంట మెల్లగా జారవిడిచేవాళ్లం. చక్కెర ఉంటే రెండు ద్రవాల సరిహద్దున ఊదారంగు ఉంగరం కడుతుంది. లేకపోతే ఏమీ కనిపించదు. ఏమీ కనిపించకపోవడం కోసం గంటకోసారి చూస్తూ ఉండే ఉద్యోగమది. మీ నాన్నగారి చొక్కాల ముందుభాగంలో చిన్న చిన్న కన్నాలు ఉండేవేమో మీ అమ్మగారిని అడగండి. అవి ఆ ఆమ్లం చేసినవే.

అతుక్కున్న కాగితాల విషయం: మా ల్యాబులో దేన్ని ముట్టుకున్నా అతుక్కునేది. అది సిరపో మొలాసిసో అయి ఉంటుంది. మరుగుతున్న గిన్నె ఆవిరికి జానెడు ఎత్తున కొద్ది క్షణాలే పట్టండి, తీసేయండి, మళ్లీ పట్టండి. తడవనివ్వకండి, ఆ రోజుల కలం సిరా నీటికి పాకిపోతుంది.

జవాబు: పాన్‌ఫ్లోరు

పాతషిఫ్టు గారు ల్యాబు సంగతి చెప్పారు, నేను మెట్లు దిగి పాన్‌ల దగ్గరికి వస్తాను. మా నాన్న తూర్పు గోదావరిలో ఒక ఫ్యాక్టరీలో పాన్‌మ్యాన్. చిక్కగా కాచిన రసాన్ని, అంటే సిరపును, వాక్యూమ్ పాన్‌లో 65 డిగ్రీల దగ్గరే మరిగించి గింజ కట్టించడం ఆయన పని. గాలి తీసేసిన పాన్‌లో అంత తక్కువ వేడికే సిరపు మరుగుతుందని నాకు ఇంటరులో చెప్పారు. మా నాన్నకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. పాన్ పక్కనున్న కడ్డీని లాగి, దాని గాడిలో వచ్చిన సిరపును గాజుపలక మీద రాసి, దీపానికి అడ్డంపెట్టి గింజ చూసేవాడు. మధ్యలో అక్కర్లేని సన్నగింజ పుట్టిందంటే మరికొంచెం నీళ్లు, ఆవిరి ఇచ్చి కరిగించేవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి తీగ ఎంత పొడుగు వస్తుందో చూసేవాడు.

మా నాన్నకు చదువు రాదు. కెమిస్టు గారి దగ్గర కాగితం ఉండేది, మా నాన్న దగ్గర వేళ్లు ఉండేవి. ఇద్దరికీ పడని రోజులు కూడా ఉన్నాయి, దాచడం ఎందుకు. ప్యూరిటీ తక్కువ వచ్చిందంటే తప్పు సిరపుదా పాన్‌దా అని తగువు. కాని అలాంటి ఒక కెమిస్టు గారే నన్ను పాలిటెక్నిక్ పరీక్షకు కూర్చోబెట్టారు, ఫారం ఆయనే నింపారు, ఫీజు రసీదు ఆయనే దాచారు. ఆయన పోయినప్పుడు వాళ్లింట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. అందువల్ల చెబుతున్నాను: చెరకుపువ్వు గారూ, స్మరణిక అచ్చుకు ఇచ్చేముందు ఆ కాలనీలో ఇంకా ఉన్న పాన్‌మ్యాన్లు, శాంపిల్ కుర్రాళ్లు, కాటా గుమాస్తాల ఇళ్లకు ఒకసారి వెళ్లిరండి. మీ బంధువుల దగ్గర లేనిది వాళ్ల దగ్గర ఉంటుంది.

జవాబు: జడచుట్టు

నేను చెరకు రైతును. మా తాతగారి కాలం నుంచి మాది చెరకే. కో 419 అనే పాత చెరకు రకం రోజుల నుంచి నాకు ఊహ తెలుసు. నా పేరు చూసి ఎవరైనా అడుగుతారేమో, గాలికి పడిపోకుండా చెరకును నాలుగైదు గడలు కలిపి ఆకుతోనే జడలా చుట్టి నిలబెట్టడాన్ని మేము జడచుట్టు అంటాము. 1996 నవంబరు తుపానుకు అలా చుట్టిన తోటలు కూడా నేలకు పడ్డాయి, అది వేరే కథ.

ఆ 'మార్చలేదు' అన్నమాట మీద నాకొక అనుమానం ఉంది. కేంద్రం చెరకుకు ప్రకటించే కనీస ధర ఆ రోజుల్లో 8.5 శాతం రికవరీకి కట్టి ఉండేది. అంటే 100 టన్నుల చెరకుకు 8.5 టన్నుల చక్కెర. ఆ పైన ప్రతి 0.1 శాతానికీ రైతుకు అదనం. ఇదంతా 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు కింద నడిచింది; 2009లో ఆ ధరకు పేరూ లెక్కా మారాయి. ఇక 1979 జనవరి ఎలాంటి కాలమో మాకు గుర్తుంది. 1978 ఆగస్టులో జనతా ప్రభుత్వం చక్కెర మీద నియంత్రణ ఎత్తేసింది, ధర పడిపోయింది, ఫ్యాక్టరీలకూ రైతులకూ మధ్య ఉప్పూ నిప్పూ అయింది. 1979 డిసెంబరులో గాని మళ్లీ పాక్షిక నియంత్రణ రాలేదు. అలాంటి సీజనులో, రికవరీ అంకె కొంచెం తగ్గించి రాయమని ఎవరైనా ఒత్తిడి చేశారేమో, ఆయన ఒప్పుకోలేదేమో. కాటా దగ్గర చలిమంట కాచుకుంటూ రాత్రంతా బండి మీద కూర్చున్న మాబోటి వాళ్లకు, లోపల ఒక మనిషి అంకె మార్చకుండా నిలబడ్డాడంటే అది చిన్న సంగతి కాదు. ఇదే నిజమైతే మీరు స్మరణిక అట్ట మీదనే వేయాలి.

జవాబు: పాతషిఫ్టు

జడచుట్టు గారి బాధ నాకు తెలుసు, ఆ కాలం గురించి ఆయన చెప్పినదీ నిజమే. రోజుకు 1250 టన్నుల చెరకు ఆడే ఫ్యాక్టరీలో 0.1 శాతమంటే రోజుకు పన్నెండున్నర క్వింటాళ్ల చక్కెర. దశాంశం చిన్నదే గాని దాని బరువు చిన్నది కాదు. అయినా ఒక్కమాట. ఆ పేజీలో ఉన్నది మిక్స్‌డ్ జ్యూస్ ప్యూరిటీ, రికవరీ కాదు. రికవరీ అంటే ఆఖరున గోదాములోకి వెళ్లిన బస్తాలను ఆడిన చెరకుతో భాగించగా వచ్చే లెక్క. రోజువారీ రికవరీలో, పాన్‌లలోనూ తొట్లలోనూ ఇంకా బస్తాకెక్కని చక్కెర ఎంత ఉందన్న అంచనా ఒకటి కలుస్తుంది. ఎవరైనా ఒత్తిడి చేస్తే దాని మీదే చేస్తారు తప్ప, రాత్రి షిఫ్టులో ఒక గంట రసం అంకె మీద కాదు. 82.10 అన్నది జనవరికి మామూలు అంకె. దాన్ని మార్చి ఎవరికీ ఒరిగేది లేదు. స్పిండిల్ మార్చలేదనో, వడపోత గుడ్డ మార్చలేదనో కూడా అయి ఉండవచ్చు. మేము అలాంటివి రాసుకునేవాళ్లం. ఎర్రసిరాతో మాత్రం రాసుకునేవాళ్లం కాదు, అదొక్కటి నాకు అంతుపట్టలేదు.

జవాబు: అచ్చుతప్పు

నేను చాలా ఏళ్లు ప్రెస్సు నడిపాను, ఇలాంటి స్మరణికలు వందల కొద్దీ వేశాను. ఒక సలహా, ఒక ప్రశ్న.

సలహా ఏమిటంటే, సాక్ష్యం లేని వీరగాథ వేయకండి. ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన పెద్దాయన ఎవరో భోజనాల బంతిలో కూర్చుని చదివి, 'అలాంటిదేమీ జరగలేదే' అన్నారంటే మిగతా పదిహేను పేజీలూ అబద్ధమైపోతాయి. విశేషణాలు కొట్టేసి పనులు రాయండి. 'ఓపికమంతుడు' అన్నచోట, మూడుసార్లు చదివి గాని అంకె రాసేవారు కాదని రాస్తే చాలు. మల్లెపందిరి, జడ రిబ్బను, తడిగుడ్డ, ఇవన్నీ మీ పోస్టులోనే ఉన్నాయి. మీ చిన్నాన్నగారి చిత్తుప్రతిలో ఒక్కటీ లేదు.

ప్రశ్న ఏమిటంటే, మీరు ఇంత వివరంగా రాశారు గాని ఇందులో మీ అమ్మగారి మాట ఒక్కటీ లేదు. ఆమె ఉన్నారా? ఉంటే ఆ ఎర్రసిరా పేజీ ఆమెకు చూపించారా? మాలాంటి ముక్కూమొహం తెలియనివాళ్లను అడగడానికి ముందు ఆమెను అడిగి ఉండవలసింది.

తిరిగి రాసినది: చెరకుపువ్వు

అందరికీ నమస్కారాలు. అచ్చుతప్పు గారూ, మీ ప్రశ్న చదివి సిగ్గుపడ్డాను. అమ్మ ఉన్నారు. ఆమెకు ఇప్పుడు 76 సంవత్సరాలు, చూపు తగ్గింది. డైరీలు చూపిస్తే బాధపడతారని మేమే దాచాము. నిన్న సాయంత్రం ఆమె పక్కన కూర్చుని, పేజీ తరువాత పేజీ పైకి చదివాను.

ముందుగా చొక్కాల సంగతి. పాతషిఫ్టు గారు చెప్పినట్టే కన్నాలు ఉండేవట. బొత్తాల పట్టీ పక్కన ఉంటే అమ్మ అదే రంగు దారంతో చుక్కలా కుట్టేసేదట. ఒక సంక్రాంతికి అరిసెల పాకం పడుతుంటే నాన్నగారు ల్యాబు థర్మామీటరు తెచ్చి మూకుట్లో పెట్టి, 115 వచ్చేదాకా ఆగమన్నారట. అమ్మ ఆగలేదు. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి, వేలితో ఉండ చేసి చూసి, మూకుడు దింపేసిందట. ఆ తరువాత ఆయన వేడి చూస్తే 115 దగ్గరే ఉందట. 'నీ వేలికి ఐఎస్ఐ ముద్ర వేయించాలి' అన్నారని చెప్పి అమ్మ చాలాసేపు నవ్వింది. మా అందరి అతిసారాలకూ ఆయన కలిపిన చక్కెర ఉప్పు నీళ్లు కూడా ఆమెకు గుర్తున్నాయి: లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, ప్రతి చెంచానూ కత్తి వెనకభాగంతో చదును చేసి మరీ వేసేవారు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ముప్పు అనేవారట.

తరువాత ఆ పేజీ చదివాను. 'సి షిఫ్టు, మిక్స్‌డ్ జ్యూస్, 16.20' అంటుండగానే తారీఖు ఎంత అని అమ్మ అడిగింది. చెప్పాను. 'మీ తమ్ముడు పుట్టిన రాత్రి కదే' అంది.

ఆ వారం నొప్పులు వస్తాయని మంత్రసాని ముందే చెప్పిందట. రాత్రివేళ ఇంట్లో ఉండడానికి వీలుగా తనను ఆ నాలుగు రోజులు ఎ షిఫ్టుకు మార్చమని నాన్నగారు కాగితం పెట్టుకున్నారట. పండగకు మనుషులు తక్కువగా ఉన్నారు, మార్చలేదు. అంతే. ఏ అంకెనూ ఎవరూ మార్చమనలేదు. జడచుట్టు గారూ, మీరు చెప్పిన కథ నాకు ఎంతో నచ్చింది, నిజమైతే బాగుండేదని కూడా ఒక్కక్షణం అనుకున్నాను, క్షమించాలి. రాత్రి ఒంటిగంటకు మా మేనత్త టైం ఆఫీసుకు కబురు పంపితే, ల్యాబులో మరో కెమిస్టు లేనందున నాలుగు గంటలకు షిఫ్టు దిగి గాని ఆయన రాలేకపోయారట. ఆ ఒంటిగంట దగ్గర రాసినవే 16.20, 13.30, 82.10. కొడుకు పుట్టాడన్న కబురు విన్న తరువాత కూర్చుని, సవరణ పట్టిక చూసి, రెండో దశాంశం దాకా సరిగ్గా భాగించారన్నమాట. అమ్మకు ఆ కోపం చాలాకాలం ఉండేదట. ఆయనకూ ఉందని నిన్ననే తెలిసిందామెకు, ఎందుకంటే ఆయన ఇంట్లో ఏనాడూ ఆ మాట ఎత్తలేదు.

అతుక్కున్న కాగితాలను పాతషిఫ్టు గారు చెప్పిన పద్ధతిలోనే ఆవిరికి పట్టి విడదీశాము. ఒక మూల కొంచెం చిరిగింది గాని అక్షరాలు పోలేదు. ఆ రెండు పేజీల నకలు స్మరణికలో మధ్యన వేస్తున్నాము, కింద వ్యాఖ్య ఏమీ లేకుండా. పాన్‌ఫ్లోరు గారు చెప్పినట్టు ఆదివారం కాలనీకి వెళుతున్నాను.

మొదటి పేజీలో ఇలా ఉంది: 'బాబు. 2.9 కిలోలు. ఆసుపత్రి త్రాసు, పాతది. సరిచూడాలి.'

రెండో పేజీ, మూడు రోజుల తరువాత: 'బాబు 2.78. మన త్రాసు, రెండుసార్లు తూచాను. తగ్గింది. డాక్టరు గారిని అడగాలి.' దాని కింద, వేరే సిరాతో: 'సహజమేనట.'